నేను పెట్టని టిక్కు

నేను ప్రేమలో పడ్డ రోజున ఆమె నన్ను అడిగిన ప్రశ్న, "మీకు ఈ పని నిజంగా వచ్చా?"

వచ్చన్నాను. అప్పటికి నేనూ అలాగే అనుకుంటున్నాను మరి.

మా అక్కకి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. అక్క కౌంటర్లో కూర్చుని ఫోన్లు తీస్తుంది. నేను బ్యాగు తగిలించుకుని ఇళ్లకీ ఆఫీసులకీ తిరుగుతాను. మా వీధిలో నన్ను 'డాక్టర్' అంటారు. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, నేనే ఒకరిద్దరి చెవిన వేశాను. తర్వాత అది దానంతట అదే పాకింది.

ఆ రోజు పొద్దున అక్క నా చేతిలో ఒక చీటీ పెట్టింది.

"ఎవరో డిజైనర్ట. ఇంట్లోంచే పనిచేసుకుంటుందట. కంప్యూటర్ మధ్యమధ్యలో బిగుసుకుపోతోందట. వెళ్లి, ఎక్కువ మాట్లాడకుండా బాగుచేసిరా."

"మాట్లాడకుండా ఎలా బాగుచేస్తానే?"

"నువ్వు మాట్లాడితే వాళ్లు ఇంకో షాపు వెతుక్కుంటున్నార్రా."

నేను వెళ్లి బెల్ కొడితే తలుపు తీసిన అమ్మాయి ఎడమచేతి మీద మూడు పసుపురంగు గీతలున్నాయి. ఒకటి లేత, ఒకటి ముదురు, ఒకటి మధ్యరకం.

"వీటిలో ఏది బావుంది?" అంది, లోపలికి రమ్మనకుండానే.

"మధ్యది."

"అందరూ మధ్యదే అంటారు" అని నిట్టూర్చి పక్కకి జరిగింది.

ముందుగదిలో పెద్ద బల్ల, రెండు స్క్రీన్లు, గుట్టగా చెక్కముక్కలు, గుడ్డపీలికలు. ఇంకో మూల చిన్న బల్ల దగ్గర ఒక పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని గోడగడియారం కడుపు విప్పుకుని కూర్చున్నాడు. ఆమె తాతయ్య. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసి రిటైరయ్యాడట. అయినా ఇరుగుపొరుగు వదల్లేదు, ఆయనా వదల్లేదు.

స్క్రీన్ మీద ఒక గది బొమ్మ ఉంది. పొట్టి అలమరలు, కిటికీ కింద మెత్తటి అరుగు. ఆమె మౌస్ పట్టుకుంది.

"ఇదిగో, నేను ఈ గదిని ఇలా తిప్పుతాను కదా, అప్పుడు..."

"ఆగండి మేడం. నాకు అర్థమైపోయింది."

"నేనింకా చెప్పనేలేదు."

"చెప్పక్కర్లేదండీ. ఇలాంటివి రోజుకి పది చూస్తాను."

అప్పుడే ఆమె ఆ ప్రశ్న అడిగింది. అడిగి, కళ్లు చిన్నవి చేసుకుని, నేను జవాబు చెప్పేదాకా రెప్ప వేయకుండా చూసింది. ఆ చూపుకి నాలో ఏదో జారి కిందపడింది. స్క్రూ అనుకుని నేలమీద వెతికాను కూడా.

ప్రేమలో పడినవాడు చెయ్యకూడని పని గొప్పలు పోవడం. నేను అదే చేశాను. కంప్యూటర్ డబ్బా మూత విప్పి, "దుమ్ము మేడం, అంతా దుమ్మే" అని బ్లోయర్ పెట్టి ఊదాను. డబ్బాలోని దుమ్మంతా లేచి, గదిలో ఒక చుట్టు చుట్టి, తాతగారి విప్పిన గడియారంలో దిగింది. ఆయన భూతద్దం తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నేను మెమొరీ ముక్కలు బయటికి లాగి, వాటి అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించాను. కంప్యూటర్ లేచి కూర్చుంది.

"అయిపోయిందా?" అంది.

"ఇక మీరు నన్ను మర్చిపోవచ్చు" అన్నాను స్టైలుగా.

నేను వీధి మలుపు కూడా తిరగలేదు, ఫోన్ మోగింది. "మర్చిపోదామనే చూశానండీ. మళ్లీ బిగుసుకుపోయింది."

రెండోసారి వెళ్లి, ఏకంగా ఫార్మాట్ కొట్టాను. ఏం తోచనప్పుడు మా వృత్తిలో చేసే పని అదే. కావలసిన ఫైళ్లు పక్కన దాచి, మిగతాదంతా చెరిపేసి మొదటినుంచీ ఎక్కించడం. దానికి సగం రోజు పట్టింది. ఆ సగం రోజులో ఆమె నాకు రెండుసార్లు టీ ఇచ్చింది, తన పని గురించి చెప్పింది.

మూడేళ్లుగా ఒక డిజైన్ ఆఫీసుకి గదుల బొమ్మలు వేస్తోందట. వాటి కింద మాత్రం వాళ్ల బాస్ పేరు ఉంటుందట. ఇప్పుడు ఒక పిల్లల లైబ్రరీ పని వచ్చింది. మొదటిసారిగా ఆమె తన పేరుతో వేస్తోంది. ఐదుగురి కమిటీ ఉంది. వాళ్లు గదిని అటూ ఇటూ తిప్పి చూస్తారు. నచ్చితే ఆ గది నిజంగా కడతారు.

"తిప్పేటప్పుడు ఆగిపోయిందనుకోండి, గది కాదు, నేను ఆగిపోతాను" అంది నవ్వుతూ. నవ్వింది కానీ చేతివేళ్లు మౌస్ మీద బిగుసుకునే ఉన్నాయి.

ఆ కమిటీ ఎప్పుడో కూడా చెప్పింది. నా బుర్రకెక్కలేదు. ఆమె మాట్లాడుతుంటే నేను వినే రకం కాదు, చూసే రకం.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడోరోజు మళ్లీ మొదటికొచ్చింది.

"డాక్టరుగారూ" అంది అక్క ఫోన్ పెట్టేసి, "మీ పేషెంటు మళ్లీ పడిపోయిందట."

ఈసారి తలుపు తాతగారు తీశాడు. "రా బాబూ. ఇవాళ ఏం ఊదుతావు?"

నేను తల దించుకుని బల్ల దగ్గరికి నడిచాను. ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఒక గడియారం మూడుసార్లు రిపేరుకొచ్చిందంటే తప్పు గడియారంది కాదయ్యా. ఇంతకీ అది ఎప్పుడు ఆగుతోందో అడిగావా?"

అడగలేదు. మూడు రోజుల పని, రెండు టీలు, ఒక ఫార్మాట్. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు.

"ఎప్పుడు ఆగుతోందండీ?" అన్నాను, ఆమె వైపు చూడకుండా.

"గదిని తిప్పినప్పుడు. మొదటిరోజే చెప్పబోయాను. మీకు అర్థమైపోయిందన్నారు."

అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి తనంతట తానే అయ్యవారినని చెప్పుకు తిరిగింది.

అప్పుడు బుద్ధిగా కూర్చుని, కంప్యూటర్ తన కష్టసుఖాలు రాసుకునే చిట్టా తెరిచాను. ప్రతిసారీ అది ఆగిన నిమిషం దగ్గర ఒకటే వాక్యం ఉంది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ జవాబు ఇవ్వడం మానేసింది. దుమ్మూ కాదు, మెమొరీ కూడా కాదు. కార్డు పాతది. డ్రైవర్ మొన్నమొన్నటిది. నేను అంత కష్టపడి ఫార్మాట్ కొట్టినా, రెండోరోజు కంప్యూటర్ దానంతట అదే ఆ కొత్త డ్రైవర్ని తెచ్చి పెట్టుకుంది.

"డ్రైవర్ అంటే?" అన్నాడు తాతగారు.

"బొమ్మలు గీసేది కార్డండీ. కంప్యూటర్ మాట దానికీ, దాని మాట కంప్యూటర్‌కీ చేరవేసేది డ్రైవర్. కొత్తగా వచ్చినవాడికి ఈ పాత కార్డు తీరు తెలీదు. మామూలు పనులకి నెట్టుకొస్తాడు. గదిని తిప్పమనేసరికి చేతులెత్తేస్తాడు."

"అంటే పెళ్లిళ్ల పేరయ్య సరిగ్గా లేడన్నమాట" అన్నాడాయన.

ఆమె ఫక్కున నవ్వింది. నేను అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి కొత్త డ్రైవర్ని వేళ్లతో సహా పీకేసి, ఏడాది కిందటి పాత డ్రైవర్ని ఎక్కించాను. ఆమె గదిని తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, పైనుంచి చూసింది, అలమర కిందికి దూరి చూసింది. గంటసేపు. ఎక్కడా ఆగలేదు. ఆమె మొహం చూస్తే నాకు కంప్యూటర్ని నేనే కనిపెట్టినట్టు అనిపించింది.

ఇక ఒక్క పని మిగిలింది. డ్రైవర్లని దానంతట అది తెచ్చుకోకుండా సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టాలి. పెట్టకపోతే వారానికో పదిరోజులకో కొత్తది మళ్లీ దిగుతుంది, కథ మళ్లీ మొదలవుతుంది. బాణం గుర్తు ఆ గడి మీదే ఉంది. నా వేలు మౌస్ మీదే ఉంది.

"అయితే ఇక మీరు రావక్కర్లేదన్నమాట" అంది ఆమె.

మామూలుగానే అంది. కానీ నా చెవికి అది మామూలుగా వినబడలేదు. ఇక రాను. ఈ గదికి, ఈ పసుపు గీతల చేతికి, ఈ నవ్వుకి నాకు ఇంకే సంబంధమూ ఉండదు.

స్క్రీన్ మీది సెట్టింగులు మూసేశాను. టిక్కు పెట్టలేదు.

దారిపొడుగునా నా పథకానికి నేనే మురిసిపోయాను. వారం తర్వాత పాడవుతుంది, పిలుస్తుంది, వెళ్తాను, పది నిమిషాల్లో బాగుచేస్తాను, హీరోనవుతాను. అప్పుడు మాట కలుపుతాను. తెలివితక్కువవాడికి పథకం తట్టడం కంటే ప్రమాదం ఇంకోటి లేదని అప్పుడు నాకు తెలీదు.

తొమ్మిదోరోజు, బుధవారం, మూడున్నరకి ఫోన్ వచ్చింది. అక్క స్పీకర్ పెట్టింది.

"ఆగిపోయింది" అంది ఆమె. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఆఫీసులో ఉన్నాను. కమిటీవాళ్లు కూర్చుని ఉన్నారు. వస్తారా?"

నేను మెట్లు దిగలేదు, దొర్లాను. పరుగెత్తుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. బుధవారం మూడింటికి. మొదటి టీ ఇస్తూ చెప్పింది.

ఆమె పనిచేసే డిజైన్ ఆఫీసులో పొడుగాటి గది. ఐదుగురు వరసగా కూర్చున్నారు. మధ్యలో ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. గోడమీద లైబ్రరీ సగం తిరిగి ఒరిగిపోయి ఉంది. ఇంటినుంచి మోసుకొచ్చిన డబ్బా బల్లకింద ఉంది. ఆమె నన్ను చూసి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు చెంపదెబ్బలా తగిలింది.

"ఎంతసేపు?" అంది.

"ఇరవై నిమిషాలు."

నేను ఒక స్క్రీన్నీ కీబోర్డునీ కిందికి దించుకుని బల్లకింద దూరాను. ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గోడమీది బొమ్మ ఆపేసి, కుర్చీలు లాగడం మొదలుపెట్టింది.

"ఈ కుర్చీ కిటికీ అనుకోండి. ఈ రెండూ అలమరలు. ఇప్పుడు మీరంతా దయచేసి కింద కూర్చోవాలి. నాలుగేళ్ల పిల్లకి ఈ గది ఎలా కనబడుతుందో కుర్చీలోంచి తెలీదు."

ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరికంటే ముందు హెడ్మిస్ట్రెస్ కింద కూర్చుంది. తర్వాత అందరూ కూర్చోక తప్పలేదు. అలా కమిటీ మొత్తం నా ఎత్తుకి దిగివచ్చింది. బల్లకింద నాకు ఎదురుగా ఒక బట్టతలాయన, సేఫ్ మోడ్‌లో నా అరచేతంత అయిపోయిన అక్షరాల్ని చదువుతూ, "మీకిది తరచూ జరుగుతుందా?" అని గుసగుసగా అడిగాడు.

నేను పనిచేస్తూ విన్నాను. మొదటిసారిగా, చూడకుండా విన్నాను. చెయ్యి చాస్తే పిల్లకి అందే ఎత్తులో అన్ని పుస్తకాలూ ఎందుకు ఉండాలో చెబుతోంది. చదవడం రాని పిల్ల కూడా వచ్చి కూర్చోవడానికి కిటికీ అరుగు ఎందుకో చెబుతోంది. గొంతు మొదట వణికింది. పోనుపోను వణకడం మర్చిపోయింది. ఇంత మంచి పనిని తొమ్మిది రోజులపాటు నా వెధవ పథకం మీద ఆనించి ఉంచాననుకుంటే నాకు నామీద అసహ్యం వేసింది.

పాత డ్రైవర్ ఎక్కింది. ఈసారి టిక్కు పెట్టాను. దానికి రెండు సెకన్లు పట్టింది.

గోడమీద లైబ్రరీ వెలిగింది. ఆమె తిప్పింది. గది నీళ్లలో చేపలా తిరిగింది. అంతా అయ్యాక హెడ్మిస్ట్రెస్ మోకాళ్లు పట్టుకుని లేస్తూ, "మీ టెక్నీషియన్ మంచివాడమ్మా. ఎంత పరుగున వచ్చాడో" అంది.

"ఎప్పుడు పిలిచినా వస్తారండీ" అంది ఆమె నావైపు చూసి. "ఇవాళ ఈయన రాకపోతే నా పని అయిపోయేది."

నా పథకం అక్షరాలా నెరవేరింది. పాడైంది, పిలిచింది, వెళ్లాను, హీరోనయ్యాను. నేను మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

వాళ్లు వెళ్లాక వరండాలో నన్ను ఆపింది. "థాంక్సండీ. నిజంగా."

"మీకొకటి చెప్పాలి. దీన్ని నేను మొన్ననే ఆపగలిగేవాణ్ణి. ఒక టిక్కు పెడితే సరిపోయేది. పెట్టలేదు."

"మర్చిపోయారా?"

ఆమే దారి చూపించింది. అవునంటే అయిపోయేది. అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదు. గుర్తుండే పెట్టలేదు."

"ఎందుకు?"

"మళ్లీ పాడైతే మళ్లీ పిలుస్తారని."

ఆమె మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా, ఒక్కో దీపం ఆర్పినట్టు పోయింది.

"బుధవారమని మీకు చెప్పాను."

"చెప్పారు. నేను వినలేదు."

"మూడేళ్లు వేసిన బొమ్మలన్నిటికిందా వేరేవాళ్ల పేరుందండీ. ఇదొక్కటే నాది. అది ఆగిపోయినప్పుడు వాళ్లముందు ఎలా నిలబడ్డానో మీకు తెలుసా?" ఒక అడుగు వెనక్కి వేసింది. "మీరిక మా ఇంటికి రావద్దు. కంప్యూటర్ పాడైతే ఎవర్నైనా పిలుచుకుంటాను."

ఆ కంప్యూటర్ ఇక పాడవదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిగా, సరిగ్గా చేశాను. దాంతో నేను వెళ్లే దారికి నేనే తాళం వేసుకున్నాను.

పన్నెండు రోజులు గడిచాయి. షాపులో ఫోన్ మోగినప్పుడల్లా తల ఎత్తేవాణ్ణి. ఎవరిదో ప్రింటర్, ఎవరిదో కీబోర్డు. ప్రతి కస్టమర్నీ, "ఎప్పుడు ఆగుతోందండీ?" అని ముందు అడిగి, వాళ్లు చెప్పేదంతా వినడం మొదలుపెట్టాను. పనులు తొందరగా అయిపోతున్నాయి. అక్కకి అనుమానం వచ్చింది.

"ఒంట్లో బాలేదట్రా?"

మొత్తం చెప్పేశాను. అక్క చేతిలో పని ఆపి విన్నది. విని నెత్తిమీద ఒక్కటి మొట్టింది. తర్వాత ఇంకోటి.

"మొదటిది ఆ పిల్ల తరఫున. రెండోది షాపు తరఫున. ఇంతకీ వెళ్లి క్షమించమని అడిగావా?"

"ఎలా వెళ్తానే? అక్కడేమీ పాడవలేదుగా."

"ఏదో ఒకటి పాడైతే తప్ప మనిషి ఇంటికి వెళ్లలేవట్రా నువ్వు? బ్యాగు ఇక్కడ పెట్టి వెళ్లు."

బ్యాగు లేకుండా నడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సన్నగా వాన మొదలైంది. గొడుగు బ్యాగులో ఉంది. బెల్ కొట్టేసరికి నీళ్లోడుతున్నాను.

తాతగారు తలుపు తీసి, నా చేతులు చూసి, భుజం చూసి, "సామానేదీ?" అన్నాడు.

"తేలేదండీ."

"మేమూ పిలవలేదే. ఏం పాడైందని వచ్చావు?"

"ఏమీ పాడవలేదు తాతగారూ. మీ మనవరాలిని చూడ్డానికి వచ్చాను."

ఆయన నన్ను భూతద్దం అవసరం లేకుండానే చాలాసేపు పరీక్షించాడు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా, "అమ్మాయ్! రిపేరబ్బాయి వచ్చాడు. ఈసారి నిజమే చెబుతున్నాడు" అని, తన గడియారం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ తలుపు కొంచెం తెరిచే ఉంచాడు.

ఆమె బల్ల దగ్గరనుంచి లేవలేదు. స్క్రీన్ మీద లైబ్రరీ ఉంది. దానికింద ఆమె పేరు ఉంది.

"వచ్చింది" అంది, నా చూపు గమనించి. "వచ్చే నెలలో కట్టడం మొదలు. మీ పుణ్యాన నోటితో చెప్పాల్సి వచ్చింది కాబట్టే నచ్చిందని ఎక్కడా చెప్పుకోకండి."

"అలా అనుకోలేదండీ." ఒకసారి అనుకున్నాను. వెంటనే సిగ్గుపడ్డాను. "క్షమించమని అడగడానికి వచ్చాను. రెండోది, మీరంటే నాకు ఇష్టం. మొదటిరోజు తలుపు తీసినప్పటినుంచీ. అది చెప్పడం చేతకాక కంప్యూటర్ని అడ్డం పెట్టుకున్నాను."

"అయితే ఆ ఫార్మాట్ కూడా అందుకేనా?"

"కాదండీ" అన్నాను. ఇక దాచడానికి ఏముంది? "అది మాత్రం నిజంగానే పని రాక."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికని నాకు తర్వాత తెలిసింది. లేచి వెళ్లి ఒక తువ్వాలు తెచ్చి నామీదికి విసిరింది.

"తుడుచుకోండి, చెక్కముక్కలు తడుస్తున్నాయి. నాకు మీమీద కోపం ఇంకా పోలేదు."

"ఎన్నాళ్లకి పోతుందండీ?"

"నాకేం తెలుసు?" మళ్లీ కూర్చుని గదిని మెల్లగా తిప్పింది. "రోజూ వచ్చి అడిగి వెళ్లండి."

మర్నాడు వెళ్లి అడిగాను. పోలేదంది. ఆ మర్నాడూ వెళ్లాను. పోలేదు, టీ తాగమంది. లైబ్రరీకి పునాది తవ్విన రోజు అడిగాను, కిటికీ అరుగు మీద మొదటి పిల్ల ఎక్కి కూర్చున్న రోజు అడిగాను. మా అక్కా తాతగారూ కూర్చుని పెళ్లిమాటలు మాట్లాడుకున్న రోజు, వాళ్లు చూడకుండా వంటింటి గుమ్మం దగ్గర అడిగాను. ఇంకా లేదంది.

వచ్చేనెల పెళ్లి. నిన్న కూడా అడిగాను. తల అడ్డంగా ఊపి, రేపు మళ్లీ అడగమంది.